అరుగు ఎత్తు సీటు

కారు చూడటానికి వెళ్ళిన ప్రతిసారీ కొంగు చివర ఒక నూలుపోగు ముడివేసుకుని వెళ్ళేదాన్ని. మా ఇంటి ముందరి అరుగు నేల నుంచి ఎంత ఎత్తు ఉందో ఆ పోగు మీద గుర్తు కట్టి ఉంది. మేము చీరలకు చిటికి కట్టేవాళ్ళం. రంగు ఎక్కడ ఆగాలో అక్కడ నూలును బిగించి కట్టడమే చిటికి. కొలతలు రాసుకోవడం కంటే కట్టుకోవడమే మాకు అలవాటు. అమ్మేవాళ్ళు మైలేజీ గురించి చెబుతుంటే నేను వంగి ఆ పోగును సీటు అంచు నుంచి నేలకు వేలాడదీసేదాన్ని. వాళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మైలేజీ దగ్గర మొదలుపెట్టేవాళ్ళు. ఎందుకని ఎవరూ అడగలేదు. పాత కార్లు కొనేవాళ్ళు రకరకాల పనులు చేస్తారు కాబోలు. నా ముందే ఒకాయన నాలుగు టైర్లనూ వరుసగా తన్ని, బండి నచ్చలేదని చెప్పి వెళ్ళిపోయాడు.

అరుగు సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి.

మాది చౌటుప్పల్‌కు అరగంట దూరంలో ఉన్న నేత ఊరు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, ఒకటి ఆయనది, ఒకటి నాది. గుంట అంచున నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి నేయాలి. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం ఒకే గదిలో ఒకరికొకరం వీపులు పెట్టుకుని కూర్చున్నాం. ఒకరోజు పొద్దున ఆయన మగ్గం చప్పుడు ఆగింది. పోగు తెగి ఉంటుందనుకుని నా పని నేను చేసుకుంటూనే ఉన్నాను. ఎంతకీ మొదలుకాకపోయేసరికి తిరిగి చూశాను. ఆయన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, అది ఎవరిదో తెలియనట్టు చూస్తున్నాడు.

హైదరాబాద్ దవాఖానలో కొన్నాళ్ళు ఉంచి పంపించారు. ఎడమకాలు, ఎడమచేయి పట్టు తప్పాయి. మాట బాగానే ఉంది, కానీ ఆయన మొదటి నుంచీ దాన్ని పెద్దగా వాడేవాడు కాదు. చౌటుప్పల్‌లో వ్యాయామం చేయించే చోటు ఒకటి ఉందని, వారానికి మూడుసార్లు అక్కడికి తీసుకెళ్ళమని డాక్టరు చెప్పాడు. మొదటి నెలల్లో చేయిస్తే వేళ్ళు దారికొస్తాయట. ఆలస్యం చేస్తే ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోతాయట.

కొన్ని రోజులు ఆటోలో వెళ్ళాం. ఆటో ఎక్కించాలంటే ఇద్దరు మనుషులు ఆయన చంకల కింద చేతులు వేసి లేపాలి. ఒకరోజు బస్టాండు దగ్గర, నలుగురూ చూస్తుండగా, ఆటో డ్రైవరు చేతులు దులుపుకుంటూ నాతో అన్నాడు.

"రేపటిసంది ఇంకో మనిషిని తోలుకరా పెద్దమ్మా. యూరియా బస్తానే నయం, పట్టుకునేతందుకు మూలలన్న ఉంటయ్."

అతను చెడ్డవాడు కాదు. నడుం పట్టేసి ఉంటుంది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక మా ఆయన, "ఇగ నేను పోను" అన్నాడు.

అన్నట్టే పోలేదు. బతిమాలితే వినలేదు, కోప్పడితే వినలేదు. ఇల్లు మొత్తంలో ఎవరి సాయమూ లేకుండా ఆయన కూర్చుని లేవగలిగిన చోటు ఆ అరుగు ఒక్కటే. మంచం కుంగుతుంది. కుర్చీ జరుగుతుంది. అరుగు మీద నుంచి మాత్రం కుడిచేత్తో పక్కనున్న గుంజను పట్టుకుని, కుడికాలి మీద బరువు మోపి తనంతట తాను లేచేవాడు. అందుకని పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా అక్కడే. అన్నం పెట్టేటప్పుడు నేను ఆయన ముఖం చూసేదాన్ని కాదు, ఎడమచేతి వేళ్ళు చూసేదాన్ని. అవి కొద్దికొద్దిగా లోపలికి తిరుగుతున్నాయి.

కారు ఉంటే బాగుండునని ముందు అన్నది మా అబ్బాయి. వాడు చౌటుప్పల్‌లోనే ఒక మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. ఇంటికి వచ్చేది నిద్రపోవడానికి. కిరాయి కారు మాట్లాడదామంటే దాని డ్రైవరు కూడా పరాయి మనిషే, అతనూ పట్టి లేపుతానంటాడు. మేడ మీద గది వేయడానికి దాచుకున్నది కొంత ఉంది. అది కొత్త కారుకు చాలదు, పాతదానికి చాలుతుంది, అప్పు మాత్రం వద్దు అనుకున్నాం. డబ్బు సంగతి అంతటితో తేలిపోయింది. నడిపేదెవరన్నదే మిగిలింది.

నేను నేర్చుకుంటానన్నాను.

మా ఆయన అక్క, నేను వదినె అని పిలిచే ఆమె, పక్కింట్లోనే ఉంటుంది. ఆ మాట చెవిన పడగానే వచ్చి మా గడపలో కూర్చుంది.

"మరదలా, నువ్వు అ ఆలు దిద్దింది మొన్ననేనాయె. గప్పుడే కారు దాకొచ్చినవా?"

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, మా మహిళా సంఘంవాళ్ళు సాయంత్రం పూట నడిపిన బడిలో. అంతకుముందు వేలిముద్ర. నేర్చుకున్నాక సంతకం పెట్టడం తప్ప దానితో ఏం చేయాలో కొన్నాళ్ళు తెలియలేదు. తర్వాత కనబడినవన్నీ చదవడం మొదలుపెట్టాను. ఉప్పు ప్యాకెట్టు, కరెంటు బిల్లు, పెళ్ళి పత్రికల్లో దూరపు బంధువుల వరస. ఇంట్లో వాళ్ళు నా ఎదుట ఏ కాగితమూ పెట్టకుండా జాగ్రత్తపడ్డారు.

లర్నింగ్ లైసెన్సు కోసం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి. మొదటిసారి తప్పాను. జవాబులు రాక కాదు. ఒక్కో ప్రశ్నను పొల్లు వదలకుండా చదివేసరికి దాని టైం అయిపోయి ఇంకో ప్రశ్న వచ్చేది. రెండోసారి వెళ్ళినప్పుడు ప్రతి ప్రశ్ననూ సగం చదివి జవాబు నొక్కాను. పాసయ్యాను. సగం చదివితే పాసవుతామని మా బడిలో చెప్పలేదు.

నేర్పడానికి చౌటుప్పల్ నుంచి ఒక మనిషి వచ్చేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. మా ఆయనంత ఎత్తు, మా ఆయనంత బరువు. ఈ సంగతి తర్వాత పనికొచ్చింది. అతని బండిలో అతనివైపు కూడా ఒక బ్రేకు ఉండేది. అది చూసి మొదటిరోజు నాకు ధైర్యం వచ్చింది. వారం తిరిగేసరికి ఆ బ్రేకు వల్ల ధైర్యం తెచ్చుకుంటున్నది అతనే అని అర్థమైంది.

మేము నేర్చుకున్నది హైవే పక్కన ఒక వెంచర్లో. పొలాలు చదును చేసి నల్లటి రోడ్లు వేశారు. రోడ్లకు పేర్లు పెట్టారు, పేర్లకు బోర్డులు పెట్టారు, ఇళ్ళు మాత్రం లేవు. చుట్టుపక్కల మండలాల్లో కారు నేర్చుకునే వాళ్ళందరికీ ఈ వెంచర్లే దిక్కు. ఎవరైనా నిజంగా ఇల్లు కట్టుకుంటే మాకు ఇబ్బంది.

అక్కడ నాకు రెండు చిక్కులు వచ్చాయి. మొదటిది బోర్డులు. అక్షరాలు ఆలస్యంగా వచ్చినదాన్ని, కనబడ్డ బోర్డును చదవకుండా వదలలేను. పెద్దగా రాసి ఉన్నదైతే ఫరవాలేదు. కింద చిన్న అక్షరాల్లో షరతులు ఉంటే బండి దానంతటదే నెమ్మదించేది. అతను ఓపికగా చెప్పేవాడు.

"అక్కా, బోర్డు నీకు ఎదురు రాదు. లారీ వస్తది. నువ్వు లారీని సదువు."

రెండోది కాళ్ళు. మగ్గం కింద రెండు తొక్కుడు కట్టెలు ఉంటాయి. కుడిది దిగితే ఎడమది లేవాలి, ఎడమది దిగితే కుడిది లేవాలి. అప్పుడే పడుగు నోరు తెరిచి, అడ్డుపోగు వేసే నాడెకు దారిస్తుంది. ముప్పై ఏళ్ళు తొక్కిన కాళ్ళు నా మాట వినవు, ఒకదాని మాట ఒకటి వింటాయి. బండి కదిలించడానికి ఇది బాగా పనికొచ్చింది. ఎడమకాలు క్లచ్ మీద నుంచి మెల్లగా లేస్తుంటే కుడికాలు తనంతట తాను మెల్లగా దిగేది. మొదటిరోజే ఇంత మెత్తగా కదిలించినవాళ్ళను చూడలేదని తమ్ముడు మెచ్చుకున్నాడు. ఆపాల్సి వచ్చేదాకా ఆ మెప్పు నిలిచింది.

నేసేటప్పుడు పోగు తెగిందంటే కాళ్ళు ఉన్నవి ఉన్నచోటే ఆగిపోవాలి, రెండు చేతులూ అన్నీ వదిలేసి తెగిన పోగు దగ్గరికి పోవాలి. కాలు కదిపితే తెగిన చోటు మళ్ళీ దొరకదు. ఇది మాకు ఎవరూ నేర్పరు, చూస్తూ వచ్చేస్తుంది. వెంచర్లో ఒక పంది అడ్డం వచ్చినప్పుడు నేను సరిగ్గా అదే చేశాను. కాళ్ళు ఎక్కడివక్కడ బిగుసుకున్నాయి. చేతులు రెండూ స్టీరింగు వదిలి ముందుకు చాచాను. పంది తప్పుకుంది. తమ్ముడు తనవైపు బ్రేకు తొక్కేలోపే బండి నేరుగా వెళ్ళి ఒక ప్లాటు హద్దురాయిని పడగొట్టింది.

తమ్ముడు దిగి రాయిని లేపి పాతాడు. అది ముందున్న చోటు ఏదో ఇద్దరికీ సరిగ్గా గుర్తులేదు. ఆ ప్లాటు ఎవరిదో కానీ కొంచెం పెరిగి ఉంటుంది. పక్కవాళ్ళది తగ్గి ఉంటుంది.

తర్వాత అతను బండి ఆపేసి, పోగు తెగితే ఏం చేస్తామో నన్ను చెప్పమన్నాడు. చెప్పాను.

"అయితే ఒకటి చెయ్ అక్కా. ఏది తెగినా సరే, కుడికాలు బ్రేకు మీదికి తెచ్చి రెండు కాళ్ళు ఒక్కపారే కిందికి తొక్కు. చేతులు మాత్రం ఇడువకు."

మగ్గం మీద రెండు కట్టెలూ ఒక్కసారి తొక్కితే పడుగు తెరుచుకోదు, అసలు పనే జరగదు. కారులో అదే కావాలట. నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. రాత్రిళ్ళు పడుకున్నాక కూడా రెండు కాళ్ళూ ఒకేసారి తొక్కి చూసుకునేదాన్ని.

లైసెన్సు చేతికి వచ్చాక కార్ల వేట మొదలైంది. మా అబ్బాయికి సెలవు దొరికిన రోజు వాడి బండి మీద వెళ్ళేవాళ్ళం. హైవే పొడవునా పాత కార్లు అమ్మే జాగాలు ఉన్నాయి. వాడి కన్ను మొదట ఒక ఎర్రటి చిన్న కారు మీద పడింది. లోపల పెద్ద తెర, వేలితో తాకితే పాటలు. నేను పోగు వేలాడదీశాను. సీటు గుర్తుకు జానెడు కింద ఉంది. వాడు తెర గురించి ఇంకా చెబుతున్నాడు. ఇంకోచోట జీపులాంటిది చూశాం. దాని సీటు గుర్తుకు జానెడు పైన ఉంది. నేనే ఎక్కలేకపోయాను.

"సీటు ఎత్తు సూసి కారు కొంటరా ఎవరన్న?" అన్నాడు మా అబ్బాయి.

"మీ నాయిన దేని మీదికెళ్ళి లేస్తడో నువ్వే చెప్పు" అన్నాను.

వాడు ఆ తర్వాత తెర గురించి మాట్లాడలేదు. ఇంకో బండికి తెర ఉందా అని ఒకసారి అడిగాడు, అంతే.

కొన్ని వారాలకు ఒక తెల్ల కారు దొరికింది. పోగు సరిగ్గా సరిపోయింది, వెంట్రుకవాసి కూడా తేడా లేదు. ఇంజను చూడటానికి పిలిచిన తమ్ముడు కూడా బాగుందన్నాడు. ఆయన్ను తీసుకొచ్చి చూపించి బయానా ఇద్దామనుకున్నాం. అమ్మేవాడే బండిని మా ఇంటి ముందుకు తెచ్చాడు. చుట్టుపక్కల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. మా ఆయన చాలాసేపు బండిని చూసి, అరుగు మీద నుంచి లేచి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చున్నాడు. కూర్చోవడం బాగానే కూర్చున్నాడు. కుడికాలు లోపల పెట్టుకుని, ఎడమకాలిని చేత్తో ఎత్తి పెట్టుకున్నాడు. నేను మా అబ్బాయి ముఖం చూశాను.

తర్వాత కాళ్ళు బయట పెట్టి లేవబోయాడు. లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. సీటు ఆయన్ను కిందికి లాగుతున్నట్టు ఉంది. మూడోసారికి అమ్మేవాడు, పాపం సాయం చేద్దామనే, వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. చూస్తున్నవాళ్ళలో ఎవరో అయ్యో అన్నారు.

ఆయన అరుగు మీద కూర్చుని బండి వెళ్ళిపోయేదాకా దానివైపు చూడలేదు. నాతో మాత్రం అన్నాడు:

"ఇగ నన్ను ఏ బండిల కూసోమనకు. కొనుక్కొని నువ్వు తిరుగు."

ఆ సాయంత్రం పోగు తీసుకుని అరుగును మళ్ళీ కొలిచాను. గుర్తు సరిగ్గానే ఉంది. అరుగు మీద కూర్చుని ఆలోచించాను. అరుగు రాయి. కూర్చున్నా, లేచినా అది అంతే ఉంటుంది. కారు సీటు దూది మూట, మనిషి కూర్చుంటే కుంగుతుంది. నూలును వదులుగా ఉన్నప్పుడు కొలవకూడదని, బిగించి కొలవాలని మా ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను ఖాళీ సీట్లను కొలుచుకుంటూ హైవే అంతా తిరిగాను.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి మా అబ్బాయికి బదులు తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. అతను ఇంజను చూడటానికి వస్తున్నాననుకున్నాడు. మొదటి జాగాలోనే పక్కసీట్లో కూర్చోమన్నాను. అతను కూర్చున్నాక పోగు వేలాడదీసి కొలిచాను. కొలత సరిపోతే లేవమన్నాను.

"ఎడమచెయ్యి జేబుల పెట్టుకో తమ్మీ. ఎడమకాలు మీద బరువెయ్యకు. ఇప్పుడు లే."

అతను నన్ను చూశాడు, అమ్మేవాణ్ణి చూశాడు, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు అతను ఎన్నో బండ్లలోంచి లేచాడు. కొన్నింట్లోంచి లేవలేక మళ్ళీ కూలబడ్డాడు. సాయంత్రానికి కుడిమోకాలు పట్టేసింది. ఇదంతా నేర్పే ఫీజులోనే వస్తుందా అని అడిగాడు. టీ తాగించాను.

ఒక గేర్లు లేని బండి ఎత్తు బాగా కుదిరింది. తమ్ముడు ఒక్క ఊపున లేచాడు. అమ్మేవాడు సంతోషంగా, దీంట్లో రెండే పెడళ్ళు, ఆడవాళ్ళకు హాయి, ఎడమకాలికి అసలు పనే లేదని చెప్పాడు. నడిపి చూశాను. ఎడమకాలికి పని లేదన్న సంగతి ఎడమకాలికి తెలియదు. కుడికాలు పైకి లేచినప్పుడల్లా అది తన వంతు వచ్చిందనుకుని దిగేది, దిగిన చోట బ్రేకు ఉంది. ముందు కూర్చున్న తమ్ముడు అద్దానికి తగలబోయి ఆగాడు. వెనక కూర్చున్న అమ్మేవాడు ముందుకొచ్చాడు. కాలు కట్టేసుకుని నడిపితేనో అని ఒక ఆలోచన వచ్చింది కానీ పైకి చెప్పలేదు. బండి ఇచ్చేసి వచ్చాం. ఆ ఎత్తు పోయినందుకు మాత్రం దారంతా బాధపడ్డాను.

చివరికి భువనగిరి రోడ్డులో ఒక షెడ్డు వెనక ఇది కనబడింది. నిలువుగా డబ్బాలా ఉంది. చాలా పాతది. పైకప్పు ఎత్తు, తలుపులు పెద్దవి, సీట్లు గట్టివి. ఎవరూ అడగక టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది. రంగు ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు. రంగు తొట్టిలో ముంచి, పిండకుండా ఆరేసిన నూలులా మచ్చలు మచ్చలుగా ఉంది. మా పనిలో అలాంటి నూలు వస్తే పక్కన పడేస్తాం. తమ్ముడు కూర్చున్నాడు, నేను కొలిచాను. గుర్తు నేలను తాకీ తాకకుండా ఆగింది. నేను చెప్పకుండానే అతను చెయ్యి జేబులో పెట్టుకుని, తలుపు పైనున్న పిడిని కుడిచేత్తో పట్టుకుని లేచాడు. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు.

"అక్కా, ఇంజను సూడాల్నా ఒద్దా?" అన్నాడు.

చూడమన్నాను. బాగానే ఉందన్నాడు. క్లచ్ కొంచెం గట్టిగా ఉందట. మగ్గం కట్టె కంటే గట్టిగా లేదు.

బండి ఇంటికొచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టాం. వదినె బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "బీరువకు చక్రాలు పెట్టినట్టున్నది" అంది. మా అబ్బాయి ఫొటో తీశాడు కానీ ఎవరికీ పంపినట్టు లేదు. మా ఆయన అరుగు మీద నుంచి కదల్లేదు. రమ్మని నేను కూడా అనలేదు. నన్ను ఏ బండిలో కూర్చోమనకు అన్నాడు కదా, అనలేదు.

రోజూ పొద్దున ఒక్కదాన్నే బండి తీసి ఊరి చివరిదాకా వెళ్ళి వచ్చేదాన్ని. తిరిగి వచ్చాక అరుగుకు దగ్గరగా, ఎడమవైపు తలుపు ఆయనకు ఎదురుగా వచ్చేటట్టు ఆపేదాన్ని. లోపల గాలి ఆడాలని ఆ తలుపు తెరిచి ఉంచేదాన్ని. కుక్క వచ్చి ఎక్కి పడుకుంటే మా ఆయన చేతికట్టెతో అదిలించేవాడు. మొదట్లో అంతవరకే మా ఇద్దరికీ బండి సంగతి. తర్వాత ఒకరోజు రంగు ఎవరు వేశారో కానీ పని రాదని అన్నాడు. ఇంకోరోజు తలుపు పైనున్న ఆ పిడి దేనికని అడిగాడు. పట్టుకోవడానికి అన్నాను.

ఒక పొద్దున అలాగే ఆపి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి అరుగు మీద ఎవరూ లేరు. ఆయన సీట్లో కూర్చుని ఉన్నాడు. కుడికాలు లోపల పెట్టుకున్నాడు, ఎడమకాలు కూడా లోపలే ఉంది. ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు. తన గడపలో నిలబడ్డ వదినె నాకు సైగ చేసింది. ఆయన ఎక్కడం ఆమె చూసిందట, మాట్లాడితే దిగిపోతాడని ఊపిరి బిగబట్టుకుని నిలబడిందట. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

నేను గ్లాసు అందించాను. తాగి ఇచ్చాడు.

"పోదాం పా. ఎండ ఎక్కుతాంది" అన్నాడు.

అప్పటిదాకా నేను ఊరి పొలిమేర దాటి ఒక్కదాన్నే నడపలేదు. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు. తమ్ముడివైపు ఉండే బ్రేకు ఈ బండికి లేదన్న సంగతి మాత్రం దారంతా గుర్తుంది. ఎవరు హారన్ కొట్టినా దారి ఇచ్చాను. సైకిలు ఒకటి కూడా దాటి వెళ్ళింది. చౌటుప్పల్ దగ్గరపడేకొద్దీ బోర్డులు ఎక్కువయ్యాయి. నా పెదవులు కదులుతున్నాయేమో, ఆయన అన్నాడు: "సదువకు."

చదవడం ఆపిన కాసేపటికి ఒక మేక, దాని వెనక రెండు పిల్లలు, ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం దిగాయి. నా చేతులు స్టీరింగును వదల్లేదు. రెండు కాళ్ళూ ఒక్కసారే కిందికి దిగాయి. బండి ఆగింది. మేకలు తీరికగా దాటాయి. ఆయన కుడిచెయ్యి పిడి మీద ఉంది.

"పోగు తెగిందా?" అన్నాడు.

"లేదు. మేక" అన్నాను.

వ్యాయామం చేయించే చోటు ముందు బండ్లు పెట్టే జాగా ఉంది. ఒక మోటారు సైకిలుకూ గోడకూ మధ్య, ఆయనవైపు తలుపు తెరుచుకునేంత జాగా వదిలి ఆపాను. దిగి ఆయనవైపు పరుగున వెళ్ళాను. తలుపు అప్పటికే తెరిచాడు. కాళ్ళు బయట పెట్టుకున్నాడు. దగ్గరికి పోబోయాను.

"ఆడనే ఉండు" అన్నాడు.

అక్కడే ఉన్నాను. లోపలి నుంచి తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, ఇన్నాళ్ళకు వచ్చారని గుర్తుపట్టి, సాయానికి బయటికి వచ్చింది. ఆమెను కూడా చేత్తో ఆపాను. ఆయన పిడి పట్టుకుని లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. నా చేతిలో పోగు ఉంది. ఎప్పుడు కొంగు ముడి విప్పానో తెలియదు, వేలికి చుట్టుకుంటున్నాను. ఆయన కుడికాలిని కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు, అరుగు దగ్గర జరుపుకున్నట్టు. లేచాడు. పిడి వదిలాడు. కట్టె నేలకు ఆనించి నిలబడ్డాడు.

నిలబడి ముందు నావైపు చూడలేదు, బండివైపు చూశాడు. వెనక చక్రం చూశాడు, గోడ చూశాడు.

"వంకర పెట్టినవ్" అన్నాడు.

నిజంగానే వంకరగా ఉంది. లోపలికి వెళ్ళి కూర్చోండి, నేను సర్ది వస్తానన్నాను. వద్దు, సర్దు, చూస్తానన్నాడు. నేను మళ్ళీ ఎక్కి, వెనక్కి తీసి, ముందుకు తెచ్చాను. ఇంకా వంకరే అని కట్టె ఎత్తి చూపించాడు. మళ్ళీ వెనక్కి తీశాను. ఎవరినీ పట్టుకోకుండా ఎండలో నిలబడి, ఎటు తిప్పాలో కట్టెతో చెబుతున్నాడు. తెల్లకోటు అమ్మాయి పక్కన నిలబడి చూస్తోంది. బండి ఎప్పుడో నేరుగా అయింది. నేను ఇంకోసారి వెనక్కి తీశాను.